జపాన్ పాత ఆర్పీజీల్లో మొదట ఏది ఆడాలి?

మా పిన్ని కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. ఒక డిసెంబరులో ఫోన్ చేసి, "అన్నా, ఎప్పుడూ ఆ పాత జపాన్ గేములు అంటూ ఉంటావు కదా. పది రోజులు సెలవు దొరికింది, ఒక్క పేరు చెప్పు" అన్నాడు. నేను నాలుగు పేర్లు చెప్పాను. ఒక్కోదానికి పావుగంట ఉపన్యాసం కూడా ఇచ్చాను. సెలవు అయిపోయాక అడిగితే వాడు ఒక్కటి కూడా మొదలుపెట్టలేదు. "నువ్వు చెప్పింది విన్నాక అసలు ఏది ఆడాలో తేలలేదన్నా" అన్నాడు. తప్పు నాదే. ఒక్కటి అడిగినవాడికి నాలుగు చెప్పడమంటే ఏమీ చెప్పకపోవడమే.

అందుకే ఈసారి ముందే తేల్చేస్తున్నాను. మీరు ఆర్పీజీ, అంటే ఒక పాత్రగా మారి కథ వెంట నడుస్తూ, యుద్ధాలు చేస్తూ బలపడే గేమ్, ఇంతవరకు ఒక్కటి కూడా ఆడకపోతే క్రోనో ట్రిగ్గర్‌తో మొదలుపెట్టండి. ఫోన్‌లో ఉంది, కంప్యూటర్‌లో ఉంది, ఇరవై పాతిక గంటల్లో అయిపోతుంది. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసి ఆటలో కూర్చోవచ్చు. కాకపోతే ఇది అందరికీ నప్పదు. ఎవరికి నప్పదో, వాళ్లు ఫైనల్ ఫాంటసీ 6, డ్రాగన్ క్వెస్ట్ 5, ఎర్త్‌బౌండ్ అనే మిగతా మూడింట్లో దేని వైపు వెళ్లాలో చెప్పడానికే ఈ వ్యాసమంతా.

ఈ నాలుగూ 1992 నుంచి 1995 లోపు సూపర్ ఫామికామ్ అనే నింటెండో మెషీన్ మీద వచ్చినవి. తొంభైల్లో మన ఇళ్లకి వచ్చిన వీడియో గేమ్ పెట్టె ఇది కాదు. మనం కేసెట్ పెట్టి మారియో, కాంట్రా ఆడింది అంతకు ముందు తరం మెషీన్‌కి నకలు మీద. సూపర్ ఫామికామ్‌ని మా ఊళ్లో నేనైతే చూడలేదు. ఈ గేములు నాకు దొరికింది ఇంజినీరింగ్ హాస్టల్లో, ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఎమ్యులేటర్ (పాత మెషీన్‌ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) మీద, పరీక్షల ముందు రాత్రుల్లో. కాబట్టి 'చిన్నప్పుడు ఆడారు కనక మీకు ఇష్టం' అని నన్ను కొట్టిపారేయడానికి లేదు. అప్పటికే ఇంతకన్నా వంద రెట్లు అందమైన గ్రాఫిక్స్ ఉన్న గేములు ఆడేసి, ఆ తర్వాత ఈ బుల్లి బొమ్మల దగ్గర ఆగిపోయినవాణ్ణి.

అసలు తేడా ఎక్కడుంది?

ఈ రకం గేములు మామూలుగా మన ఓపికని పెట్టుబడిగా అడుగుతాయి. యుద్ధాలు ఎక్కువగా వంతుల వారీగా జరుగుతాయి: మీరు ఒక దెబ్బ, వాడు ఒక దెబ్బ. అడవిలో నడుస్తుంటే పిలవని పేరంటంలా స్క్రీన్ మెరిసి, కనిపించని శత్రువు ఊడిపడతాడు. పది అడుగులు వేశాక ఇంకొకడు. బాస్ అనే పెద్ద శత్రువు దగ్గర ఓడిపోతే లెవెల్, అంటే పాత్రల బలం, పెంచుకోవడానికి అక్కడక్కడే తిరుగుతూ అవే జీవుల్ని మళ్లీ మళ్లీ కొట్టాలి. దీన్నే గ్రైండింగ్ అంటారు. పేరుకి తగ్గట్టే పిండి రుబ్బినట్టు ఉంటుంది. వీటిని వదిలేసి వెళ్లిపోయినవాళ్లలో చాలామంది ఇక్కడే వెళ్లిపోయారు, వాళ్లని తప్పు పట్టలేం.

అందుకే ఏది గొప్ప గేమ్ అన్న ప్రశ్నని నేను పక్కన పెడతాను. ఏది ఎంత ఓపిక అడుగుతుంది, పెట్టిన ఓపికని ఎప్పుడు, ఏ రూపంలో తిరిగిస్తుంది అన్నదే నా లెక్క. ఎందుకంటే ముప్ఫై గంటల గేమ్‌లో మూడో గంటకి విసుగొస్తే ఆ తర్వాత ఎంత గొప్పగా ఉండి ఏం లాభం?

క్రోనో ట్రిగ్గర్: తొలి గంటలోనే బాకీ తీర్చేది

ఇది 1995 మార్చిలో జపాన్‌లో వచ్చింది. అప్పట్లో ఫైనల్ ఫాంటసీ తీసే స్క్వేర్, డ్రాగన్ క్వెస్ట్ తీసే ఎనిక్స్ పోటీ కంపెనీలు. ఇవి కలిసిపోయింది 2003లో. అలాంటి రోజుల్లో ఫైనల్ ఫాంటసీ సృష్టికర్త హిరోనొబు సకగుచి, డ్రాగన్ క్వెస్ట్ సృష్టికర్త యూజీ హోరి ఒకే గేమ్‌కి పనిచేశారు. బొమ్మలు గీసింది అకిరా తొరియామా. డ్రాగన్ బాల్ చూసి పెరిగినవాళ్లు హీరో జుట్టు చూడగానే ఆయన చెయ్యిని గుర్తుపట్టేస్తారు. ఇద్దరు పోటీ హీరోలని ఒకే సినిమాలో పెడితే ఏమవుతుందో మనకి బాగా తెలుసు. ఇద్దరికీ సమానంగా పాటలు, ఫైట్లు పంచేసరికి కథ గంగలో కలుస్తుంది. ఇక్కడ అలా జరగలేదు. ఇందులో అనవసరమైనది అంటూ దాదాపు ఏమీ లేదు.

కథ వెయ్యో సంవత్సరంలో, ఒక ఊరి జాతరలో మొదలవుతుంది. క్రోనో అనే కుర్రాడు తిరునాళ్లలో తిరుగుతుంటే మార్ల్ అనే అమ్మాయి వచ్చి గుద్దుకుంటుంది. క్రోనో స్నేహితురాలు లుక్కా తయారుచేసిన యంత్రం వికటించి ఆ అమ్మాయి మాయమైపోతుంది. ఆమె కోసం వెళ్తే ఆరు వందల సంవత్సరం. అక్కణ్ణుంచి తిరిగి తిరిగి 2300కి చేరితే భూమి బూడిద. అక్కడ ఒక పాత రికార్డులో, 1999లో లావోస్ అనే జీవి భూమి లోపలి నుంచి లేచి లోకాన్ని తగలబెట్టడం చూస్తారు.

ఈ ఘట్టం మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. ఆ ముగ్గురూ బతికేది వెయ్యో సంవత్సరంలో. ప్రళయం రావడానికి ఇంకా 999 ఏళ్లు ఉంది. తిరిగి ఇంటికి పోయి హాయిగా ముసలైపోయినా వాళ్లని అడిగేవాడు లేడు. జోస్యం లేదు, రాజాజ్ఞ లేదు, పగ లేదు. 'చూశాక ఊరుకోలేం' అన్న ఒక్క మాట మీద బయల్దేరతారు. మనవల మనవలకి కూడా తెలియని కాలం కోసం చెమటోడ్చే హీరోలు నాకు ఇంకో గేమ్‌లో కనపడలేదు.

పోయే కొద్దీ ఇది పెరుగుతుంది. ఆరు వందల సంవత్సరంలో ఒకామె ఎడారిని మళ్లీ అడవి చేయాలని తపిస్తుంటుంది. అది ఒక జీవితకాలంలో అయ్యే పని కాదు. మీ జట్టులోని రోబో తాను ఆగి సాయం చేస్తానంటాడు. మీరు విమానం లాంటి కాలనౌక ఎక్కి నాలుగు వందల ఏళ్లు దాటి వెయ్యో సంవత్సరంలో దిగుతారు. మీకు అది రెండు నిమిషాలు. అక్కడ ఎడారి లేదు, పచ్చటి అడవి ఉంది. రోబో ఒక గుడిలో తుప్పు పట్టి ఉన్నాడు. లేపాక ఆ రాత్రి చలిమంట దగ్గర కూర్చుని మాట్లాడుకుంటారు. ఇది తప్పనిసరి కథలో భాగం కూడా కాదు, కావాలంటే చేసుకునే పని. టైమ్ మెషిన్ అంటే రాయల కొలువుకి వెళ్లి రావడమే అనుకునే మనకి, వెళ్లినవాడి కాలమూ ఆగినవాడి కాలమూ ఒకటి కాదన్న సంగతిని ఇంత నిశ్శబ్దంగా చెప్పింది నేనెక్కడా చూడలేదు.

ఇక ఓపిక లెక్క. ఇందులో శత్రువులు చాలావరకు కంటికి కనిపిస్తారు. కొందరిని తప్పించుకుని పక్కనుంచి పోవచ్చు. యుద్ధం కోసం వేరే స్క్రీన్ రాదు, నిలబడ్డ చోటే కత్తులు దూస్తారు. ఇద్దరు కలిసి, ముగ్గురు కలిసి వేసే దెబ్బలు ఉంటాయి. మార్ల్ మంచు, లుక్కా నిప్పు కలిపి వేసే దెబ్బ నాకు చివరిదాకా విసుగు పుట్టలేదు. ఎవరిని జట్టులోకి తీసుకుంటే ఏ జోడీ దెబ్బ వస్తుందో చూడటమే సగం ఆట. గ్రైండింగ్ దాదాపు అక్కర్లేదు. కథ వెంట నడుస్తూ ఎదురైనవాళ్లని కొట్టుకుంటూ పోతే లెవెల్ దానంతటదే సరిపోతుంది.

ఇది ఎంత త్వరగా మనల్ని పట్టేస్తుందో చెప్పడానికి ఒక రహస్యం బయటపెట్టక తప్పదు. దాన్ని కూడా దాచుకోవాలంటే ఈ పేరా వదిలేయండి. జాతరలో ఒక బల్ల మీద ఎవరిదో భోజనం క్యారేజీ ఉంటుంది. తినేస్తే ఒంట్లో శక్తి నిండుతుంది. గేముల్లో కనిపించిందల్లా నొక్కేయడం మనకి అలవాటు కాబట్టి తింటాం. పిల్లి తప్పిపోయిన పాప కనపడుతుంది, వెతికి పెడతామో లేదో మన ఇష్టం. గుద్దుకున్న అమ్మాయి కిందపడితే ముందు ఆమెని పలకరిస్తామా, పడిపోయిన లాకెట్ ఏరుకుంటామా? ఇవన్నీ మర్చిపోయాక, రెండు మూడు గంటల తర్వాత, క్రోనోని కోర్టు బోనులో నిలబెడతారు. ఆ క్యారేజీ తాలూకు ముసలాయన వచ్చి నా భోజనం తిన్నది వీడే అని సాక్ష్యం చెప్తాడు. నేను హాస్టల్ గదిలో ఉలిక్కిపడ్డాను. గేమ్ నన్ను చూస్తూ ఉందని అంతవరకు నాకు తోచలేదు. తీర్పు ఎలా వచ్చినా కథ ముందుకే పోతుంది, భయపడక్కర్లేదు. కానీ ఆ తర్వాత ఎవరి ఇంట్లో పెట్టె తెరిచినా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

సంగీతం గురించి ఒక్క మాట. యసునొరి మిత్సుదా అప్పటికి స్క్వేర్‌లో సౌండ్ ఎఫెక్టులు చేసే కుర్రాడు. పాటలు కట్టే అవకాశం ఇవ్వకపోతే మానేస్తానని పైవాళ్లకి చెప్పేశాడు. ఇచ్చారు. పని ఒత్తిడికి కడుపులో అల్సర్ వచ్చి పడిపోతే మిగిలిన కొన్నింటిని ఫైనల్ ఫాంటసీ సంగీత దర్శకుడు నొబువో ఉయెమత్సు పూర్తి చేశాడు. ఆరు వందల సంవత్సరపు మైదానంలో అడుగుపెట్టగానే వచ్చే బాణీ విన్నప్పుడు కాసేపు నడవకుండా నిలబడండి.

మరి లోపాలు? గేమ్ తేలిక. సవాలు కోసం ఆడేవాళ్లకి చప్పగా ఉంటుంది. క్రోనో నోరు విప్పడు. లావోస్ భయంకరమైన జీవే కానీ దానికి మనసు లేదు, మాట లేదు. కొండచరియ మీద కోపం తెచ్చుకున్నట్టే దాని మీద కోపం కూడా. విలన్ అంటే మంట పుట్టాలి అనుకునేవాళ్లకి కింది గేమ్ ఉంది.

ఫైనల్ ఫాంటసీ 6: సగం దాకా ఆగగలిగినవాళ్లకి

1994 ఏప్రిల్‌లో వచ్చిన ఈ గేమ్‌లో ఆడదగ్గ పాత్రలు పద్నాలుగు. అందరూ హీరోలే, ఎవరూ హీరో కాదు. ఒక్కొక్కరికీ ఒక్కో విద్య: సేబిన్ దెబ్బలు వేయాలంటే ఫైటింగ్ గేమ్‌లోలా బటన్లు వరసగా నొక్కాలి, సెట్జర్‌కి జూదం మెషీన్ తిప్పాలి. మొదటి పది గంటలు పేర్లు గుర్తుపెట్టుకోవడంతోనే సరిపోతుంది. ఆ పది గంటల్లో శత్రువులు కూడా పిలవకుండా వచ్చేవాళ్లే. ఓపిక బాగా కావాలి.

కానీ కెఫ్కా ఉన్నాడు. రాజాస్థానంలో విదూషకుడిలా రంగులు పూసుకుని, వెకిలిగా నవ్వుతూ, బూటు మీద ఇసుక పడిందని సైనికుల చేత తుడిపించుకుంటూ కనిపిస్తాడు. వీణ్ణి ఎవరు లెక్కచేస్తారు అనుకుంటాం. సగం ఆట అయ్యేసరికి వాడు గెలుస్తాడు. నిజంగానే గెలుస్తాడు, లోకం ముక్కలవుతుంది, జట్టు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోతారు. ఇక మీ పని ఆ శిథిలాల్లో తిరిగి ఒక్కొక్కరినీ వెతికి పట్టుకోవడం. ఎవరిని ముందు వెతకాలో, అసలు ఎవరెవరిని వెతకాలో చాలావరకు మీ ఇష్టం. మొదటి సగంలో విసిగించిన ఆ పద్నాలుగు పేర్లూ ఇక్కడ అక్కరకొస్తాయి. ఒక పాడుబడ్డ ఊళ్లో తెలిసిన మొహం కనిపిస్తే, పెళ్లిలో పదేళ్ల తర్వాత కలిసిన క్లాస్‌మేట్‌ని చూసినట్టు ఉంటుంది.

ఒపెరా ఘట్టం గురించి అందరూ చెప్తారు, కాబట్టి తక్కువ చెప్తాను. సెలీస్ అనే సేనాని గాయని వేషం కట్టి స్టేజీ ఎక్కాలి, మీరు ముందు గ్రీన్‌రూమ్‌లో పాట చదివి, స్టేజీ మీద సరైన చరణం ఎంచుకోవాలి. నాటకాల రిహార్సల్స్‌లో పోర్షన్ రాక బిక్కచచ్చినవాళ్లకి ఆ చెమట తెలిసినదే. ఆ మెషీన్‌కి మనిషి గొంతు పాడించే శక్తి లేదు కాబట్టి అప్పట్లో పాటని కీచుమనే స్వరంతో సరిపెట్టారు. తర్వాత ఆటని మెరుగుపరిచి తెచ్చిన పిక్సెల్ రీమాస్టర్‌లో నిజం గాయకులు పాడతారు. నాకు పాతదే ఇష్టం, కానీ మీకు కొత్తదే చెప్తాను.

ఒక లోపం చెప్పకపోతే అన్యాయం. ఆట ముదిరాక అందరూ అన్ని మంత్రాలూ నేర్చేసుకోవచ్చు. దాంతో అంత కష్టపడి వేరువేరుగా చెక్కిన పద్నాలుగు మందీ చివరికి ఒకే అచ్చులో పోసినట్టు తయారవుతారు.

క్రోనో ట్రిగ్గర్ పూర్తిచేశాక 'ఇంకా' అనిపిస్తే ఇది రెండోది. పెద్ద పెద్ద నవలలు సగంలో వదలకుండా చదివే అలవాటు ఉంటే మొదటిదిగా కూడా పనికొస్తుంది. 35, 40 గంటలు పక్కన పెట్టుకోండి. 2023లో నింటెండో స్విచ్‌కి, ప్లేస్టేషన్ 4కి వచ్చిన వెర్షన్‌లో శత్రువులు ఎదురుపడటాన్నే ఆపేసే సౌకర్యం ఉంది. దాన్ని వాడుకోవడానికి సిగ్గుపడొద్దు.

డ్రాగన్ క్వెస్ట్ 5: పెళ్లయినవాళ్లకి, పిల్లలున్నవాళ్లకి

ఇరవై ఏళ్లప్పుడు ఇది నాకు నచ్చలేదు. ముప్ఫై ఐదు దాటాక మళ్లీ ఆడితే ఏడిపించింది. అందుకే ఈ సలహా వయసుని బట్టి.

ఆరేళ్ల పిల్లాడిగా నాన్న వెనకాల నడుస్తూ మొదలుపెడతారు. దారిలో శత్రువులు వస్తే నాన్నే కొట్టేస్తాడు. మీకు దెబ్బ తగిలితే మీరు అడక్కుండానే ఆయన మంత్రం వేసి నయం చేస్తాడు. ఆయన ఏం చేయాలో మీరు చెప్పలేరు. మీటలన్నీ మీ చేతిలో ఉన్నా నాన్న మాత్రం మీ చేతిలో ఉండడు. కొన్ని గంటల తర్వాత ఆ తోడు లేకుండా, అదే దారిలో, అవే జీవుల ముందు ఒంటరిగా నిలబడ్డప్పుడు ఏం పోయిందో గేమ్ చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత మీరు పెద్దవుతారు, పెళ్లి చేసుకుంటారు, తండ్రి అవుతారు. ఒక్క ఆటలో మూడు వయసులు. అదీ 1992లో.

పెళ్లి దగ్గర ఎంచుకోవాలి. ఫోన్ వెర్షన్‌లో ముగ్గురు: చిన్నప్పుడు కలిసి దయ్యాల కోటకి వెళ్లిన బియాంకా, ఒక ధనవంతుడి కూతుళ్లు నేరా, డెబోరా. నేను తేల్చుకోలేక ఫోన్ పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ పక్కనుంచి తొంగిచూసి, "ఎవరండీ వీళ్లు?" అంది. సంగతి చెప్పాను. "చిన్నప్పటి పిల్లనే చేసుకోండి. డబ్బున్న సంబంధమని ఆశపడ్డారంటే బాగోదు" అంది. ఆశపడలేదు.

దారిలో ఓడించిన రాక్షస జీవులు కొన్ని లేచి మీ జట్టులో చేరతామని అడుగుతాయి. పోకెమాన్ రావడానికి ఇంకా నాలుగేళ్లు ఉన్న రోజుల్లో ఇది. ఎప్పుడు ఏది చేరుతుందో తెలియదు కాబట్టి ఇంకొక్క యుద్ధం, ఇంకొక్క యుద్ధం అనుకుంటూ గ్రైండింగ్ కూడా చేదుగా అనిపించదు. జట్టంతా చనిపోతే ఆట అయిపోదు, దగ్గరున్న బంగారంలో సగం పోయి చర్చిలో లేస్తారు.

నత్తనడక మాత్రం నిజం. కథ మలుపులు తిరగడానికి తొందరపడదు. చేసే పనులు కూడా పాతకాలం పనులే: ఈ ఊరి తాళం తెచ్చి ఆ ఊరి తలుపు తియ్యి. జపాన్ బయట ఇది 2009 దాకా రానేలేదు. ఫోన్‌లో ఇంగ్లీష్ వెర్షన్ 2015లో వచ్చింది. నిలువుగా పట్టుకుని ఒక్క చేత్తో ఆడొచ్చు. మెట్రోలో ఇంకో చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడేవాళ్లకీ, చంటిపిల్లని భుజాన వేసుకుని నిద్రపుచ్చేవాళ్లకీ దీన్ని మించింది లేదు.

ఎర్త్‌బౌండ్: కత్తులూ కిరీటాలూ వద్దనుకుంటే

జపాన్‌లో దీని పేరు మదర్ 2. రాసింది షిగెసాతో ఇతోయి, వృత్తిరీత్యా ప్రకటనలకి మాటలు రాసే మనిషి. అమెరికాలాంటి దేశంలో టోపీ పెట్టుకున్న కుర్రాడు బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుని లోకాన్ని కాపాడతాడు. ఆయుధాలంటే బ్యాటూ, వంటింటి పెనమూ. శత్రువులంటే కాకులూ, కుక్కలూ, పిచ్చెక్కిన టాక్సీలూ. నాన్న ఎక్కడా కనపడడు. ఫోన్ చేస్తే ఆట సేవ్ చేసి, ఖాతాలో డబ్బులు వేశానంటాడు. ఏటీఎంకి వెళ్లి తీసుకోవాలి. గల్ఫ్‌లో నాన్న ఉన్న ఇంట్లో పెరిగిన నా రూమ్మేట్ ఇది చూసి చాలాసేపు నవ్వాడు, తర్వాత కాసేపు నవ్వలేదు.

చాలాకాలం ఇంటికి ఫోన్ చేయకపోతే కుర్రాడికి ఇంటి మీద బెంగ పట్టుకుంటుంది. యుద్ధం మధ్యలో చేతులు ఆడవు. అమ్మకి ఫోన్ చేస్తే తగ్గుతుంది. మొదట్లోనే మీకిష్టమైన తిండి ఏమిటని అడుగుతుంది గేమ్. నేను ఇంగ్లీష్ అక్షరాల్లో దోశ అని కొట్టాను. ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ దోశే పెట్టింది. హాస్టల్ మెస్సులో తింటున్న రోజుల్లో ఇది మామూలు దెబ్బ కాదు.

దెబ్బ తగిలితే ప్రాణం అంకెలు పెట్రోల్ బంకు మీటర్‌లా తిరుగుతూ తగ్గుతాయి. చచ్చేంత దెబ్బ తగిలినా అంకె సున్నాకి చేరేలోపు గెలిస్తే బతికిపోతారు. మీరు బాగా బలపడ్డాక చిన్న జీవులు మిమ్మల్ని చూసి పారిపోతాయి. సంచీ మాత్రం ఇరుకు, ఎప్పుడూ ఏదో పారేయాల్సి వస్తుంది. మొదటి కొన్ని గంటలు కొంచెం కష్టం కూడా.

సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసం ఒక ముచ్చట: ఈ గేమ్ ప్రోగ్రామ్ చిక్కుబడిపోయి ఆగిపోయే స్థితికి వస్తే సతోరు ఇవాతా అనే ప్రోగ్రామర్ వచ్చాడు. ఉన్నదాన్ని సరిచేయాలంటే రెండేళ్లు, మొదట్నుంచి రాస్తే ఆరు నెలలు అన్నాడు. మొదట్నుంచే రాశారు. తర్వాత ఆయన నింటెండోకి అధ్యక్షుడయ్యాడు. మన ఆఫీసుల్లో ఆ మాట అంటే మీటింగ్ పెడతారు.

పెద్ద చిక్కు దొరకడమే. అధికారికంగా ఆడాలంటే స్విచ్, దాని ఆన్‌లైన్ చందా కావాలి. ఫోన్‌కీ, కంప్యూటర్‌కీ రాలేదు. స్విచ్ ఉంటే చందాలో ఎలాగూ వస్తుంది కాబట్టి ఒక గంట ఆడి చూడండి. ఆ గంటలో నవ్వు రాకపోతే ఇది మీది కాదు, నిరభ్యంతరంగా ఆపేయొచ్చు. మిగతా మూడింటికీ నేను ఆ మాట అనను.

ఫైనల్ ఫాంటసీ 7 ఏది అని అడుగుతారని తెలుసు. 1997 నాటి ఆ గేమ్ నాకూ ఇష్టమే. కానీ తొలినాళ్ల 3డీ బొమ్మలు ఈ పిక్సెల్ బొమ్మల కన్నా ఎక్కువ ముసలివైపోయాయి. పైగా దాన్ని భాగాలు భాగాలుగా మళ్లీ తీస్తున్నారు కాబట్టి పాతదా కొత్తదా అన్న ఇంకో తగువు మొదలవుతుంది. మొదటి గేమ్‌కి అంత తలనొప్పి వద్దు.

క్రోనో ట్రిగ్గర్ ఎక్కడ ఆడాలి?

ఫోన్‌లో అయితే ఒకసారి కొంటే చాలు, మధ్యలో ప్రకటనలు లేవు. టచ్ మీద నడవడం కొంచెం జారుడుగా ఉంటుంది, మెనూల్లో ఇబ్బంది లేదు. కంట్రోలర్, లాప్‌టాప్ ఉంటే కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో కొనండి. 2018 ఫిబ్రవరిలో అది వచ్చినప్పుడు బొమ్మలు అలికినట్టు, మెనూలు ఫోన్‌వే తెచ్చి అతికించినట్టు ఉన్నాయని జనం తిట్టిపోశారు. తర్వాత కొన్ని నెలల్లో వరస అప్‌డేట్లతో సరిచేశారు. పాత బొమ్మలు కావాలంటే సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. అప్పటి తిట్లు ఇప్పటికీ నెట్‌లో కనిపిస్తాయి, వాటిని చూసి ఆగిపోవద్దు. నింటెండో డీఎస్ అనే చేతి మెషీన్ ఉన్నవాళ్లకి 2008 వెర్షన్ ఇప్పటికీ అన్నిటికన్నా హాయి, కాకపోతే కేసెట్ దొరకాలి. మొదటి ప్లేస్టేషన్‌ది మాత్రం వద్దు. మెనూ తెరిచినా, యుద్ధం మొదలైనా లోడింగ్ కోసం ఎదురుచూడాలి.

ఈ నాలుగింట్లో ఏదీ తెలుగులో లేదు, ఇంగ్లీష్‌లో చదువుకోవాల్సిందే. ఇక్కడ ఒక మెలిక. 1995 ఇంగ్లీష్ క్రోనో ట్రిగ్గర్‌లో కప్పగా మారిన వీరుడు ఒకడు పాతకాలం ఇంగ్లీష్‌లో, మన పౌరాణిక నాటకాల గ్రాంథికంలా మాట్లాడతాడు. జపనీస్ మూలంలో అతని మాట అలా ఉండదట, అనువాదకుడు చేర్చిన సొగసు అది. డీఎస్‌లో, ఫోన్‌లో, స్టీమ్‌లో అతను మామూలుగా మాట్లాడతాడు. ఇంగ్లీష్ మీద పట్టు తక్కువైతే కొత్తదే మేలు. నాకు మాత్రం ఆ కప్ప గ్రాంథికం మాట్లాడకపోతే ఏదో లోటుగా ఉంటుంది.

మొదలుపెట్టగానే సెట్టింగ్స్‌లో యుద్ధాన్ని 'వెయిట్' మీద పెట్టుకోండి. మీరు మంత్రాల జాబితా చూస్తున్నంతసేపు శత్రువు ఆగుతాడు. 'యాక్టివ్'లో ఆగడు, చదివేలోపు రెండు తగిలించి పోతాడు. గైడ్ చూడొద్దు. ఏదైనా వదిలేసినా, పూర్తయ్యాక అదే బలంతో మళ్లీ మొదటి నుంచి ఆడే వీలుంది. అప్పుడు లావోస్‌తో ఎప్పుడు తలపడ్డారన్న దాన్ని బట్టి ముగింపు మారుతుంది. అలాంటి ముగింపులు పదికి పైగా ఉన్నాయి.

మొన్న మా పిన్ని కొడుకుకి ఈసారి ఒక్క పేరే చెప్పాను, ఉపన్యాసం ఇవ్వలేదు. రాత్రి పదకొండుకి ఫోన్ చేశాడు.

"అన్నా, జాతరలో బల్ల మీద ఎవరిదో క్యారేజీ ఉంటే తినేశాను. ఏమైనా అవుతుందా?"

"ఏం కాదులేరా, ఆడుకో" అన్నాను.